ఆ మోత దేనితో తిరుగుతోంది?

పాత కారు వెనకభాగంలోంచి మోత వస్తోందని చెప్పగానే హైదరాబాదు షెడ్లలో మొదట వినిపించే తీర్పు క్రౌను, పీనియను (వెనక ఇరుసులో శక్తిని చక్రాల వైపు మళ్లించే పెద్ద, చిన్న పళ్ల చక్రాల జత) పోయాయన్నదే. ఆ తీర్పు నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి. అయితే ఇరుసు విప్పి, పళ్లు మార్చి, మళ్లీ బిగించిన తరువాత అదే మోత అదే వేగం దగ్గర తిరిగి పలకడం, చివరికి అసలు దోషి చక్రపు బేరింగో, ఎగుడుదిగుడుగా అరిగిన టైరో, గేరుబాక్సు నుంచి ఇరుసుకు శక్తిని మోసే ప్రొపెల్లర్ షాఫ్టు చివరి కీలులో ఉండే క్రాసో అని తేలడం కూడా ఈ రంగంలో అరుదు కాదు. ఈలోగా జరిగిన నష్టం కూలి డబ్బుతో ఆగదు. నలభై యాభై ఏళ్లుగా ఒకదానితో ఒకటి ఒరుసుకుని కుదురుకున్న పళ్ల జతను ఒకసారి కదిలించాక దాన్ని యథాస్థితికి తేవడం ఎంతటి పనివాడికైనా కష్టమే. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. స్టాండర్డ్ హెరాల్డ్ అంతకు దశాబ్దాల ముందే కనుమరుగైంది. సికింద్రాబాదు రాణిగంజ్ విడిభాగాల దుకాణాల అటకల మీద పాత నిల్వ సరుకు ఉన్నన్నాళ్లు ఉంటుంది, ఆ తరువాత చేతికి వచ్చేది నకలు సరుకే. అందువల్ల విప్పడానికి ముందు జరిగే నిర్ధారణకే ఈ బండ్లలో ఎక్కువ విలువ ఉంది.

నిర్ధారణ తప్పడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది చెవి చేసే మోసం. వీణ మీద తీగను మీటే చోటు వేరు, నాదం నిండుగా పలికే కుండ వేరు. కారు బాడీ కూడా అలాంటి కుండే. వెనక ఇరుసులో పుట్టిన కంపనం కమాన్ కట్టల గుండా, వాటిని పట్టి ఉంచే బుష్షుల గుండా నేలరేకులోకి పాకి, డిక్కీ బోలుతనంలో పెద్దదై వెనక సీటు కింద వినిపిస్తుంది. ముందు చక్రపు బేరింగు రొద కూడా అదే నేలరేకు వెంట ప్రయాణించి, కొన్ని బండ్లలో వెనకనుంచే వస్తున్నట్టు తోస్తుంది. రెండవది మాటలు చేసే మోసం. యజమాని మూలుగు అన్నదాన్ని మెకానిక్కు ఈల అంటాడు, పక్కన కూర్చున్నవారు హోరు అంటారు. ఒకే శబ్దానికి మూడు పేర్లు పెట్టుకున్నాక ముగ్గురూ మూడు వేర్వేరు భాగాల గురించి మాట్లాడుకుంటారు.

ఈ రెండింటినీ దాటించే ప్రశ్న ఒక్కటే ఉంది: ఆ శబ్దం దేనితో పాటు మారుతోంది? ఇంజిను నుంచి చక్రం దాకా ఉన్న భాగాలన్నీ ప్రధానంగా మూడు వేగాలను అనుసరించి తిరుగుతాయి. క్లచ్, గేరుబాక్సులోని ముందరి షాఫ్టు ఇంజిను వేగంతో తిరుగుతాయి. గేరుబాక్సు వెనకనుంచి పీనియను వరకు ఉన్నవి ప్రొపెల్లర్ షాఫ్టు వేగంతో తిరుగుతాయి. క్రౌను, దాని నుంచి చక్రాలకు వెళ్లే యాక్సిల్ షాఫ్టులు, చక్రం నడిమి హబ్బు బేరింగులు, టైర్లు చక్రం వేగంతో తిరుగుతాయి. గేరు మార్చినప్పుడు ఇంజిను వేగం మారుతుంది, మిగతా రెండూ మారవు. కాబట్టి 40 కి.మీ. వేగం దగ్గర మూడో గేరులో వినిపించిన మోత, అదే 40 దగ్గర నాలుగో గేరులో కూడా అదే శ్రుతిలో పలికితే ఇంజిను, క్లచ్ వైపు చూడనక్కర్లేదు. శ్రుతి మారితే ఇరుసు వైపు చూడనక్కర్లేదు. ఐదు నిమిషాల్లో అయిపోయే ఈ ఒక్క పరీక్ష చేయకుండానే ఎన్ని ఇరుసులు విప్పారో లెక్క లేదు.

ఈ లెక్కను అంకెల్లోకి దించితే మరికొంత దూరం వెళ్లవచ్చు. 5.90-15 సైజు టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.07 మీటర్లు ముందుకు వెళుతుందనుకుందాం. 40 కి.మీ. వేగం అంటే సెకనుకు 11.1 మీటర్లు; అంటే చక్రం సెకనుకు 5.4 చుట్లు తిరుగుతుంది. క్రౌనుకు 41 పళ్లు, పీనియనుకు 9 పళ్లు ఉన్న ఇరుసులో ప్రొపెల్లర్ షాఫ్టు దానికి నాలుగున్నర రెట్లు, అంటే సెకనుకు సుమారు 24 చుట్లు తిరుగుతుంది. పళ్లు ఒకదానితో ఒకటి కలిసేది సెకనుకు 220 సార్లు. అంటే చక్రం తాలూకు లోపం సెకనుకు ఐదారు దెబ్బలుగా, షాఫ్టు తాలూకు లోపం ఇరవై నాలుగు సార్లు వచ్చే వణుకుగా, పళ్ల తాలూకు లోపం 220 హెర్ట్జ్ స్వరంగా బయటపడాలి. దెబ్బలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వణుకు స్టీరింగు మీద, సీటు మీద చేతికి తెలుస్తుంది. స్వరం చెవికి తెలుస్తుంది. సంగీతం తెలిసినవారికి ఇంకో సంగతి కూడా తడుతుంది: 220 హెర్ట్జ్ అంటే మన పాటకులు ఆరో శ్రుతి అనేదే, వేగం 80కి చేరితే అదే స్వరం సరిగ్గా పై స్థాయికి ఎక్కుతుంది. తంబూరా శ్రుతి చేయగల చెవి ఉన్నవారు క్రౌను మోతను స్పీడోమీటరు చూడకుండానే పోల్చగలరు. చెవి లేనివారికి ఫోను ఉంది. శబ్దంలోని పౌనఃపున్యాన్ని గీతగా చూపే ఉచిత యాప్‌లు ఈ పనికి చాలు. అసలు పళ్ల లెక్క, టైరు చుట్టుకొలత మాత్రం ఏ బండికి ఆ బండిలోనే చూసుకోవాలి, ఎందుకంటే పాత బండ్లలో మధ్యలో ఎవరో మరో నిష్పత్తి ఇరుసు వేసి ఉండటం సర్వసాధారణం.

రోడ్డు మీదికి వెళ్లకముందే నిలబడి ఉన్న బండి దగ్గర చాలా తెలుస్తుంది. న్యూట్రల్లో ఇంజిను నడుస్తుండగా వినిపించే గురగుర క్లచ్ పెడలు నొక్కగానే ఆగిపోతే అది గేరుబాక్సు ముందరి బేరింగుదో, దాని కింద గేరు పళ్లను మోస్తూ తిరిగే లేషాఫ్టు బేరింగులదో అయి ఉండాలి. పెడలు పైన ఉన్నంతసేపు ఆ రెండూ తిరుగుతూనే ఉంటాయి, నొక్కిన కాసేపటికి ఆగుతాయి. ఇందుకు విరుద్ధంగా పెడలు మీద కాలు పెట్టగానే శబ్దం మొదలైతే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగును అనుమానించాలి. కొన్ని బ్రిటిష్ మూలాల బండ్లలో అక్కడ గుండ్లున్న బేరింగుకు బదులు కార్బన్ రింగు ఉంటుంది. అది అరిగి లోహం లోహానికి తగిలితే గీకుడు మొదలవుతుంది. పెడలు పూర్తిగా నొక్కి, గేరు వేసి, బండి నిలబడి ఉన్నప్పుడు మాత్రమే కూత వస్తే ఇంజిను చివర తిరిగే బరువైన చక్రం ఫ్లైవీలు మధ్యలో ఉండే చిన్న బుష్షు వైపు చూడాలి, ఎందుకంటే ఆ స్థితిలో ఫ్లైవీలు తిరుగుతూ, గేరుబాక్సు షాఫ్టు నిలిచి, ఆ బుష్షు ఒక్కటే రెండింటి మధ్య ఒరుసుకుంటుంది.

గేరుబాక్సు విషయంలో అత్యంత ఉపయోగకరమైన సూచన నాలుగో గేరు ఇస్తుంది. నాలుగు గేర్ల పాత పెట్టెల్లో నాలుగోది సూటి గేరు. శక్తి లేషాఫ్టు గుండా పోకుండా ముందరి షాఫ్టు నుంచి నేరుగా వెనక షాఫ్టుకు చేరుతుంది. ఒకటి, రెండు, మూడు గేర్లలో వినిపించిన రొద నాలుగులో తగ్గిపోతే లేషాఫ్టు బేరింగులు, దాని మీది పళ్లు అనుమానితులు. ఒకే ఒక్క గేరులో వినిపిస్తే ఆ గేరు పళ్లు. నాలుగింటిలోనూ ఒకేలా ఉంటే పెట్టె ముందు వెనకల ఉండే పెద్ద బేరింగులు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రివర్సులో వచ్చే ఊళ, సింక్రో (గేరు పడేముందు వేగాలను కలిపే రింగు) లేని పాత పెట్టెల మొదటి గేరులో వచ్చే ఊళ లోపం కాదు. నిలువుగా కోసిన పళ్లు ఒక్కసారిగా వెడల్పంతా కలుస్తాయి కనుక అవి పలుకుతాయి, ఏటవాలుగా కోసినవి క్రమంగా కలుస్తాయి కనుక అణకువగా ఉంటాయి. విల్లీస్ జీపులో ముందు వెనక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కూడా పళ్లతోనే నడిచేది; కొత్తదిగా ఉన్నప్పుడు కూడా అది మౌనంగా లేదు. ఇప్పటి కారు నుంచి దిగి పాత బండి ఎక్కినవారు ముందు ఈ తేడాకు అలవాటుపడాలి.

స్టీరింగు కింద గేరు రాడ్డు ఉన్న బండ్లలో రాడ్ల బుష్షులు అరిగి చేసే గలగల గేరుబాక్సు శబ్దంగా చలామణి అవుతుంటుంది. ఆ వేగం దగ్గర రాడ్డును చేత్తో గట్టిగా పట్టుకుంటే ఆగిపోయే శబ్దానికి పెట్టె దించడం అన్యాయం. గేరుబాక్సు కింది రబ్బరు మౌంటు కుంగిపోయినా, స్పీడు బ్రేకరుకు తగిలి వంగిన సైలెన్సర్ గొట్టం ఛాసిస్‌ను ఆనుకున్నా, అప్పటిదాకా వినిపించని మామూలు చప్పుళ్లన్నీ నేలరేకులోకి సూటిగా దూరి బండి ఒక్కరోజులో పాడైపోయినట్టు అనిపిస్తుంది. నిన్న లేని రొద ఇవాళ హఠాత్తుగా వచ్చిందంటే పళ్ల కంటే ముందు ఈ ఆనికల వైపు చూడటం మంచిది, పళ్లు సాధారణంగా రాత్రికి రాత్రి అరగవు.

రోడ్డు పరీక్షకు చోటు, వేళ ఎంచుకోవడం కూడా నిర్ధారణలో భాగమే. హుస్సేన్ సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు చదునుగా ఉంటుంది. తెల్లవారుజామున అక్కడ 30 నుంచి 50 కి.మీ. మధ్య వేగాన్ని నిలకడగా పట్టి ఉంచవచ్చు. బంజారాహిల్స్, జూబిలీహిల్స్ ఎత్తుపల్లాలు వేరే పనికి వస్తాయి: ఎక్కేటప్పుడు పళ్ల మీద భారం ఒక వైపు, దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలితే మరో వైపు పడుతుంది. ఒకే శబ్దాన్ని నాలుగు స్థితుల్లో వినాలి: బండిని లాగిస్తున్నప్పుడు, నిలకడ వేగంలో, లాగీ లాగకుండా తేలుతున్నప్పుడు, యాక్సిలరేటరు వదిలి ఇంజినే బండిని పట్టి ఉంచినప్పుడు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కి.మీ. సాగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద పక్క గోడ మరో సహాయం చేస్తుంది. గోడ పక్కగా వెళ్లేటప్పుడు ఆ వైపు అద్దం దించితే అటువైపు చక్రంలో పుట్టిన శబ్దం గోడకు తగిలి తిరిగి చెవిన పడుతుంది, అవతలి చక్రానిది పడదు. కాకపోతే ఫ్లైఓవరు అతుకుల దగ్గర వచ్చే ధబధబలను బండి ఖాతాలో రాయకూడదు. వినేవారు డ్రైవరు కాకూడదన్నది కూడా ముఖ్యమే. వెనక సీటులో ఒకరు, ముందు ఒకరు కూర్చుని, ఎవరికి వారు కాగితం మీద రాసుకుని, తరువాత పోల్చుకుంటే ఒకరి మాట ఇంకొకరి చెవిని లాగదు.

లాగుతున్నప్పుడు, వదిలినప్పుడు శబ్దం తీరు మారితే అది పళ్లదో, పళ్లను నిలబెట్టే పీనియను బేరింగులదో. ఏ స్థితిలోనైనా మారకుండా వేగంతో మాత్రమే పెరిగితే హబ్బు బేరింగుదో టైరుదో. ఈ రెండింటినీ విడదీయడం తేలిక. సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డు మీదికి రాగానే మారేది టైరు శబ్దం. టైరులో గాలి కాస్త పెంచి చూసినప్పుడు మారేదీ అదే. మలుపులో బండి బరువు ఒక పక్కకు ఒరిగినప్పుడు పెరిగేది, ఎదురు మలుపులో తగ్గేది హబ్బు బేరింగు. కుడివైపు తిరిగేటప్పుడు పెరిగితే ఎడమ చక్రాన్ని ముందు చూడాలి. మలుపులో మాత్రమే వినిపించి తిన్నని దారిలో పూర్తిగా మాయమయ్యే శబ్దం మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్ల చక్రాలైన స్టారు పీనియన్లది కావచ్చు, ఎందుకంటే తిన్నగా వెళ్లేటప్పుడు అవి తమ ఇరుసు మీద దాదాపు తిరగవు. స్టాండర్డ్ హెరాల్డ్‌లో మాత్రం లెక్క కాస్త వేరు: దాని డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది, చక్రాలు విడివిడిగా ఊగుతాయి, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు రెండు కాక ఇరుపక్కల షాఫ్టులకు మరో రెండు క్రాసులు ఉంటాయి. అక్కడ డిఫరెన్షియల్ చిన్నగా గొణిగినా ఛాసిస్ దాన్ని చాటింపు వేస్తుంది.

క్రాసుల గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంత చవకైన భాగం ఇంత ఖరీదైన తప్పుడు తీర్పులకు కారణం కావడం ఇంకెక్కడా కనిపించదు. సూదుల్లాంటి రోలర్లున్న నాలుగు కప్పుల మధ్య కూర్చునే ఈ క్రాసు ఎండిపోతే, బండి పది పదిహేను కి.మీ. వేగంతో గల్లీలో కదులుతున్నప్పుడు పిచ్చుక కిచకిచలాడినట్టు చప్పుడు వస్తుంది. వేగం పెరిగితే ఆ చప్పుడు మిగతా రొదలో మునిగిపోతుంది. కప్పు చుట్టూ ఇటుక పొడిలాంటి తుప్పు కనిపిస్తే ఇక సందేహమే లేదు. వంకర కోణంలో నడిచే ఇలాంటి జాయింటుకు ఒక స్వభావం ఉంది: ఇటువైపు షాఫ్టు సమవేగంతో తిరుగుతున్నా అటువైపుది ఒక్కో చుట్టుకు రెండుసార్లు త్వరపడి రెండుసార్లు వెనకపడుతుంది. రెండో చివర ఉన్న జాయింటు అంతే కోణంలో, సరిగ్గా జత కుదిరిన స్థితిలో ఉంటే ఈ హెచ్చుతగ్గులు పరస్పరం కొట్టుకుపోతాయి. అందుకే షాఫ్టు రెండు చివరల క్రాసులను పట్టి ఉంచే యోకులు ఒకే వరుసలో ఉండాలి. గ్రీజు పెట్టడానికో క్రాసు మార్చడానికో షాఫ్టు పొడవు హెచ్చుతగ్గులకు వీలిచ్చే జారుడు జాయింటును విడదీసి, గుర్తు పెట్టుకోకుండా ఒక పన్ను తేడాతో తిరిగి దూర్చితే ఆ సమతౌల్యం పోయి, పని చేయించుకున్న రోజు నుంచే బండి వణకడం మొదలవుతుంది. మన ఉదాహరణలో 40 కి.మీ. దగ్గర అది సెకనుకు 49 సార్లు వచ్చే వణుకు. మోత కంటే ఎక్కువగా నేల మీది పాదాలకు తెలుస్తుంది. విప్పే ముందు సుద్దముక్కతోనో ఆకురాయితోనో రెండు ముక్కల మీదుగా ఒక గీత గీయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

కుంగిన వెనకభాగాన్ని లేపడానికి కమాన్ కట్టలో అదనంగా ఒక పట్టా ఎక్కించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. దానివల్ల ఇరుసు ఎత్తు మారి, ఒక్కోసారి పీనియను ముక్కు కూడా కొద్దిగా తిరిగి, రెండు జాయింట్ల కోణాలు అసమానమవుతాయి. క్రాసులు కొత్తవి, షాఫ్టు తిన్నగా ఉంది, వరుస సరిగా ఉంది, అయినా వణుకు పోవడం లేదంటే పట్టాల లెక్క చూడాలి. షాఫ్టు బరువు ఒక పక్కకు ఎక్కువైనప్పుడు వచ్చే వణుకు వేరేలా ఉంటుంది: అది చుట్టుకు ఒకసారే వస్తుంది, వేగం రెట్టింపైతే దాని బలం నాలుగింతలవుతుంది కనుక తక్కువ వేగంలో అసలు తెలియదు. యుద్ధానికి ముందరి ఫోర్డులు, 1960 వరకు వచ్చిన బ్యూయిక్‌లు వంటి టార్క్ ట్యూబ్ బండ్లలో షాఫ్టు ఒక గొట్టంలో దాగి, ముందు ఒకే జాయింటు ఉంటుంది. అక్కడ పై పరీక్షలేవీ చేత్తో సాధ్యం కావు, గొట్టాన్నే చెవిగా వాడుకోవాలి.

గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు, లేదా యాక్సిలరేటరు వదిలి మళ్లీ తొక్కినప్పుడు టంగుమని వచ్చే దెబ్బ మరో రకం ఫిర్యాదు. దీన్ని కూడా అలవాటుగా క్రౌను, పీనియను మధ్య సందుకే అంటగడతారు. చిన్న లెక్క ఈ ఆరోపణను నిలవనివ్వదు. ఆ పళ్ల మధ్య ఉండవలసిన సందు మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉంటుంది. క్రౌను వ్యాసం 180 మి.మీ., సందు 0.15 మి.మీ. అనుకుంటే, ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర ఆ సందు కలిగించే ఆట అర డిగ్రీ కూడా ఉండదు; అరిగి సందు రెట్టింపైనా డిగ్రీ దాటదు. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, గేరు న్యూట్రల్లో ఉంచి, షాఫ్టును చేత్తో తిప్పి చూస్తే పాత బండ్లలో అది పది పదిహేను డిగ్రీలు కూడా ఆడుతుంది. మిగిలిన ఆటంతా స్టారు పీనియన్లు, వాటితో కలిసే సన్ గేర్ల వెనక వాషర్లు అరిగినందువల్ల, యాక్సిల్ షాఫ్టు గాళ్లు వదులైనందువల్ల, హబ్బు బిగింపు సడలినందువల్ల వచ్చినదే. వాషర్లు కొన్ని వందల రూపాయల సరుకు. కమాన్ కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులైనా ఇదే దెబ్బ వస్తుంది, దానికి ఒక పానా చాలు. ఎవరో ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుని, గేరులో క్లచ్‌ను కొద్దికొద్దిగా వదులుతూ బిగిస్తుంటే, మరొకరు బండి పక్కన సురక్షితమైన దూరంలో కూర్చుని ఏది ముందు కదులుతోందో చూడాలి; చక్రాలకు ఎదురుగా మాత్రం ఎవరూ ఉండకూడదు.

ఇంత వడపోశాక కూడా మిగిలేది క్రౌను, పీనియనే అయితే అప్పుడు దాని సంగతి చూడాలి. పళ్ల మోత, పీనియను బేరింగుల మోత ఒకే చోట పుట్టినా వాటి తీరు ఒకటి కాదు. పళ్ల స్వరం శుద్ధంగా, ఈలలా ఉండి, 50 నుంచి 60 కి.మీ. వరకు అన్నట్టు ఒక ఇరుకైన వేగాల పట్టీలో గట్టిగా పలికి, దాన్ని దాటగానే తగ్గుతుంది. లాగేటప్పుడు ఒకలా, వదిలినప్పుడు మరోలా ఉంటుంది. బేరింగు రొద గరుకుగా ఉండి, అన్ని వేగాల్లోనూ విడవకుండా వెంట వస్తుంది. బేరింగే దోషి అయితే పళ్లను కాపాడుకునే అవకాశం ఇంకా ఉంది, కానీ పీనియను తల వెనక ఉండే షిమ్ముల (పలచని రేకు బిళ్లల) మందం ఎంతో కొలిచి రాసుకున్నాకే దాన్ని ఊడదీయాలి. కొత్త బేరింగు పాతదానికంటే వెంట్రుకవాసి మందంగా ఉన్నా పీనియను చోటు మారి, పళ్లు కొత్త చోట కలుస్తాయి. అవి ఎక్కడ కలుస్తున్నాయో చూడటానికి సింధూరం రంగులో ఉండే రెడ్ లెడ్‌ను గానీ, ఫిట్టర్ల నీలిరంగును గానీ పళ్లకు పలచగా పూసి, చక్రాన్ని కొద్దిగా అడ్డగిస్తూ తిప్పుతారు. రెడ్ లెడ్ సీసపు విషం కనుక చేతులు కడుక్కోకుండా టీ గ్లాసు ముట్టకూడదు. అచ్చు పంటి మధ్యలో పడాలి. పంటి కొనవైపు పడితే పీనియను దూరంగా ఉన్నట్టు, షిమ్ము పెంచాలి. మొదలువైపు పడితే మరీ లోపలికి దూరినట్టు, షిమ్ము తగ్గించాలి. లోపలి అంచుకో బయటి అంచుకో జరిగితే క్రౌనును పక్కకు జరిపి సరిచూడాలి. అయితే ఏళ్ల తరబడి అరిగిన పళ్ల మీద ఈ పుస్తక సూత్రం సగమే పనిచేస్తుంది. వాటికి పుస్తకం చెప్పిన చోటు కంటే అవి అరిగి అలవాటుపడిన చోటే నిశ్శబ్దంగా ఉంటుంది. ఒక బండి క్రౌనును మరో బండి పీనియనుతో జతకట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఫ్యాక్టరీలో రెండింటినీ కలిపి నూరి, ఒకే సంఖ్య చెక్కి పంపుతారు. పాత సరుకు కొనేటప్పుడు ఆ సంఖ్యలు కలుస్తున్నాయో లేదో చూడనివారికి దుకాణదారు చెప్పడు.

నూనె సాక్ష్యం విప్పకుండానే దొరుకుతుంది. కింది బోల్టు తీసి తెల్లటి పళ్లెంలోకి వంపి చూస్తే, అయస్కాంతానికి అంటుకునే మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే వెండిరంగు పెచ్చులు బేరింగువో పళ్లవో. గేరుబాక్సు నూనెలో పసుపురంగు రేణువులు సింక్రో రింగులవి. నూనె పాలు కలిసినట్టు తెల్లబారితే నీళ్లు చేరాయి. నడిచి వేడెక్కిన ఇరుసు వర్షపు నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుని, గాలి ఆడే రంధ్రమైన బ్రీదరు గుండా, అరిగిన సీళ్ల గుండా నీటిని పీల్చుకుంటుంది. 2020 అక్టోబరు వరదల్లాంటివి అక్కర్లేదు, మోకాలి లోతు నీళ్లున్న ఒక అండర్‌పాస్ చాలు. ఇక ఏ నూనె పోయాలన్నది చిన్న ప్రశ్న కాదు. పీనియను క్రౌను మధ్యరేఖకు పక్కగా కూర్చునే హైపాయిడ్ ఇరుసుకు ఈపీ, అంటే తీవ్రమైన ఒత్తిడిని తట్టుకునే గుణమున్న 90 నంబరు నూనె అవసరం, కానీ ఆ గుణాన్నిచ్చే గంధకపు రసాయనాలు ఎక్కువగా ఉండే జీఎల్-5 తరగతి గేరు నూనె, గేరుబాక్సులోని ఇత్తడి, కంచు రింగులకు హాని చేయవచ్చు. అక్కడ జీఎల్-4 మేలు. మోరిస్ మైనరు గేరుబాక్సులోనైతే కంపెనీ చెప్పింది 30 నంబరు ఇంజిను ఆయిలే. పెట్టెలన్నిటికీ ఒకే డబ్బాలోది పోసే అలవాటు ఎన్ని సింక్రో రింగులను తినేసిందో చెప్పలేం. మోత వినిపించకుండా 140 నంబరు నూనె పోసి బండి అమ్మేవారు, ఒకప్పుడు రంపపు పొట్టు కలిపి అమ్మినవారి వారసులే. అందుకే కొనేముందు బండిని పది పదిహేను కిలోమీటర్లు నడిపి, నూనె పలచబడ్డాక వినాలి. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన ఎండలో బేరింగు దాచుకోలేనిది డిసెంబరు ఉదయం చల్లదనంలో దాచుకోగలదు.

తక్కువ తిరిగిన బండి కనుక లోపల అంతా కొత్తగా ఉంటుందన్న నమ్మకం కూడా నిలవదు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించినది, కొన్ని వందల మైళ్లే తిరిగిందంటారు. అలాంటి బండ్లకు అరుగుదల భయం లేకపోయినా కదలకుండా నిలబడటం వల్ల వచ్చే నిలకడ భయం ఉంటుంది. నెలల తరబడి కదలని ఇరుసులో నూనె కిందికి దిగిపోతుంది, పైనున్న రోలర్లు తేమకు గురై, రోలరు ఆనిన గీత వెంట తుప్పు గుంట పడుతుంది. ఆ తరువాత అది ప్రతి చుట్టులోనూ ఒకే లయలో గురగురమంటుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న బండ్లకు వీఏ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషను దొరుకుతుంది, అయితే వాటిని రోజువారీగా నడపకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, ఇంధనం, మరమ్మతు వంటి పనులకే రోడ్డెక్కాలి. కాబట్టి నిలకడ జబ్బులు ఈ బండ్లకు పెరుగుతాయే తప్ప తగ్గవు. షెడ్డులోనే స్టాండ్ల మీద ఎత్తి, నెలకోసారి చక్రాలను చేత్తో తిప్పి నూనెను పైకి చేర్చడం చేయదగిన పని. నిలిపి ఉంచినందువల్ల టైరు చదునై చేసే ధబధబ మాత్రం చాలాసార్లు కొన్ని కిలోమీటర్లు నడిచాక దానంతటదే పోతుంది. దానికి బేరింగు విప్పిన సంఘటనలు కూడా లేకపోలేదు.

ఎత్తి పెట్టి పరీక్షించేటప్పుడు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. బండి ఎప్పుడూ స్టాండ్ల మీద ఉండాలి, జాకీ మీద కాదు. ఆ స్టాండ్లు ఛాసిస్ కింద కాక ఇరుసు కింద ఉండాలి. ఛాసిస్‌ను ఎత్తితే ఇరుసు వేలాడి, జాయింట్ల కోణాలు మారి, లేని వణుకు పుడుతుంది. ఒక చక్రాన్ని మాత్రమే ఎత్తి ఇంజినుతో తిప్పడం ప్రాణాంతకం. నేల మీది చక్రం బండిని ముందుకు నెట్టవచ్చు, నిలిచిపోతే లేచిన చక్రం రెట్టింపు వేగంతో తిరుగుతుంది. రెండు చక్రాలూ గాలిలో నిదానంగా తిరుగుతుండగా పొడవాటి స్క్రూడ్రైవరు కొనను హౌసింగు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు తాకిస్తే లోపలి సంగతి తెలుస్తుంది. కోఠిలో దొరికే డాక్టర్ల స్టెతస్కోపు గొట్టానికి సన్నని ఇనుప కడ్డీ అమర్చుకుంటే ఇంకా మేలు. పీనియను ముక్కు దగ్గర, ఇరుపక్కల హబ్బుల దగ్గర ఒకే వేగంలో విని పోల్చాలి. పెద్దగా వినిపించే చోటు కంటే గరుకుగా వినిపించే చోటు మీద నమ్మకం ఉంచాలి. భారం లేకుండా తిరిగే పళ్లు రోడ్డు మీది స్వరాన్ని ఇక్కడ పలకవు, కనుక ఈ పరీక్ష బేరింగులకే పరిమితం.

అన్నీ చూశాక చాలా బండ్లకు సరైన నిర్ణయం ఏమీ విప్పకపోవడమే. క్రౌను ఈల ఏళ్లుగా ఒకే వేగం దగ్గర ఒకే గట్టిదనంతో పలుకుతూ, నూనె శుభ్రంగా ఉండి, పీనియను ముక్కు చేతికి ఆడకపోతే దాన్ని పాడనివ్వడం మంచిది; ఏటా ఒకే రోడ్డు మీద, ఒకే వేగంలో ఫోనులో రికార్డు చేసి పోల్చుకుంటే చాలు. అదే గరుకు రొద వారం వారానికి పెరుగుతుంటే, హౌసింగు చేయి పెట్టలేనంత వేడెక్కుతుంటే, పళ్లెంలో పెచ్చులు కనిపిస్తే బండిని ఆ రోజే ఆపాలి. షెడ్డుకు తాడు కట్టి లాగించడం కూడా తగదు, ఎందుకంటే ఇంజిను ఆపినా, గేరు న్యూట్రల్లో ఉన్నా, చక్రాలు నేల మీద దొర్లినంతసేపు ఆ ఇరుసులో క్రౌను, పీనియను, పాడైన బేరింగు తిరుగుతూనే ఉంటాయి. నాలుగు చక్రాలూ పైకి ఎక్కే లారీనే పిలిపించాలి.